అప్‌డేట్: మా టెన్త్ బ్యాచ్ చాలావరకు దొరికింది

1994 టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్ సంక్రాంతికి గుంటూరులో పెట్టుకుంటున్నాం, ముప్పై ఏళ్లుగా మాటల్లేని వాళ్లకి ముందే ఫోన్ చేయాలా, నేరుగా అక్కడే కలవాలా అని అడిగాను కదా. ముందే చేయమన్న వాళ్లందరికీ థ్యాంక్స్ అండి.

మగపిల్లలు తేలిగ్గానే దొరికారు, ఒకడి దగ్గర ఇంకొకడి నంబర్ ఉంది. ఆడపిల్లల దగ్గరే తిప్పలు, పెళ్లయ్యాక ఇంటిపేర్లు మారిపోయాయి, ఫేస్‌బుక్‌లో పాత పేరు కొడితే ఏం వస్తుంది! చివరికి పుట్టిళ్ల వైపు నుంచి వెళ్తేనే పనయింది. బ్రాడీపేటలో ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు, నన్ను గుర్తుపట్టలేదు గానీ మా నాన్న పేరు చెప్పగానే "ఆయన కొడుకువా, కూర్చో" అని కాఫీ ఇప్పించి, క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకున్న కూతురి నంబర్ చూపించారు. ఫోన్ చేస్తే రెండు నిమిషాలు మీరు, అండి అని నడిచింది, లెక్కల మాస్టారి బెత్తం ప్రస్తావన రాగానే "ఒరేయ్ నువ్వా!" అంది.

ఒకడు మాత్రం రానన్నాడు. కారణం అడగలేదు, అడగకూడదు కూడా.

నడవలేని టీచర్లకి శాలువా ఇంటికే తీసుకెళ్లి కప్పుతాం. డేట్ మీద పెద్ద గొడవే జరిగింది, ఆఖరికి కనుమ రోజే ఖాయం చేశాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి హైదరాబాద్ వాళ్లెవరూ ఆ రోజు బయల్దేరరు, పైగా మటన్ ఎటూ ఉండాల్సిందే.