"వైద్యుడు నెప్పుడు": ఆ "ఎప్పుడు" ఎవరిది?

దేవరకొండ నుంచి:
సుమతీ శతకంలో "అప్పిచ్చువాడు వైద్యుడు / నెప్పుడు నెడతెగక బాఱు నేఱును ద్విజుడున్ / జొప్పడిన యూర నుండుము" దగ్గర చిక్కుకున్నాను. మా తమ్ముడు 108లో ఈఎంటీ, అంటే అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసేవాడు. మొన్న చందంపేట వైపు ఒక తండాలో ముసలమ్మకు షుగర్ పడిపోతే గ్లూకోజ్ పెట్టి లేపాడు. ఆమె చెయ్యి పట్టుకుని "డాక్టర్ సారూ, మళ్లెప్పుడొస్తవ్?" అందట. వాడు ఇంటికొచ్చి చెప్తుంటే అమ్మ ఈ పద్యం ఎత్తుకుంది. "వైద్యుడు నెప్పుడు" అని ఆగి, ఆ తర్వాత "ఎడతెగక బాఱు నేఱును" అంది. అంటే ఎప్పుడూ ఉండే వైద్యుడు అని. బడిలో మాకు ఎప్పుడూ పారే ఏరు అని చెప్పారు. ఏది సరి?

అచ్చంపేట నుంచి:
బడిలో చెప్పిందే సరి. వైద్యుడున్ + ఎప్పుడున్ + ఎడతెగక. ఆ "న్" సముచ్చయం, అంటే "కూడా" అని కలిపేది. "ఎప్పుడు"ను వైద్యుడికి ఇవ్వాలంటే "ఉండు" లాంటి క్రియ కావాలి, పద్యంలో లేదు.

మహబూబ్‌నగర్ నుంచి:
ఒప్పుకుంటాను సార్. కానీ ఆ పాదంలో నకారాలన్నీ ఒకటి కావు. "బాఱు నేఱు"లో ఉన్నది నుగాగమం, సంధిలో నడుమ వచ్చి చేరే నకారం. యతి చూద్దామంటే నె-నే కుదిరింది, నకారం తీసేసినా ఎ-ఏ కుదురుతుంది. అందుకే యతి ఈ తగువు తీర్చదు. యతి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, దాని మీద అంత విస్తారంగా అప్పకవీయం అనే ఛందోగ్రంథంలో రాసిన అప్పకవిది మన కాకునూరు, పాత పాలమూరు జిల్లా. ఆయన్ను మనవాళ్లే తలుచుకోరు.

నల్లగొండ నుంచి:
రాసింది పల్నాడు కామేపల్లిలో కదా అన్నా?

మహబూబ్‌నగర్ నుంచి:
ఎక్కడ కూచుని రాసినా ఇంటిపేరు కాకునూరే తమ్మీ.

మిర్యాలగూడ నుంచి (పల్లె దవాఖానలో స్టాఫ్ నర్సు):
మీరంతా "ఎప్పుడు" పట్టుకున్నారు. నా అనుమానం "వైద్యుడు" మీద. విద్య నుంచి వచ్చిన మాట అది, తెలిసినవాడు అని. మా దగ్గర బీపీ, షుగర్ చూసి నెలనెలా గోలీలిచ్చేది మేము. ఇంటింటికీ తిరిగేది ఆశ. 108 తమ్ముళ్లు ఆ ఇంట్లోకే పోతారు, మంచం పక్కన ఏ గోలీలున్నాయో కూడా చూస్తారు. కానీ పేషెంటును దవాఖానలో దింపగానే వాళ్ల పని అయిపోతుంది. షుగర్ గోలీ వేసుకుని అన్నం తినకపోతే ఆ ముసలమ్మకు మళ్లీ అదే అవుతుంది. రెండు రోజులాగి వాళ్లే వెళ్లి చూసొస్తే ఎంత బాగుండు! కెనడాలో నోవా స్కోషియా దగ్గర లాంగ్, బ్రయర్ అనే దీవుల్లో డాక్టర్ ఉండేవాడు కాదు. అక్కడ కాల్స్ లేని వేళల్లో పారామెడిక్కులు బీపీ చూశారు, పుండ్లకు కట్లు కట్టారు. నర్సు తోడు, దూరం నుంచి డాక్టర్ సలహా. మన 2021 అనుబంధ వైద్య వృత్తుల చట్టంలో ఈఎంటీల వృత్తి కూడా ఉంది. పని పరిధి పెరగాలి.

అచ్చంపేట నుంచి:
తెలిసినవాడే వైద్యుడైతే ఆరెంపీ కూడా వైద్యుడేనా మేడం?

మిర్యాలగూడ నుంచి:
శిక్షణ ఉండాలి, అడిగితే చెప్పే డాక్టర్ పైన ఉండాలి. ఆ రెండూ ఉన్నవాళ్ల గురించే అంటున్నా సార్.

దేవరకొండ నుంచి:
అవును మేడం, తమ్ముడు కాల్ సెంటర్ డాక్టర్‌ను ఫోన్లో అడిగే గ్లూకోజ్ పెట్టాడు.

నాగర్‌కర్నూల్ నుంచి:
అసలు "జొప్పడిన యూర" సంగతి ఎవరూ ఎత్తలేదు. మా దిక్కు చొప్ప అంటే జొన్న చొప్ప. చొప్ప పడిన ఊరంటే పంట పండి, గొడ్లకు మేత ఉన్న ఊరు. అట్లాంటి ఊళ్లోనే అప్పూ పుడుతుంది, వైద్యుడూ నిలుస్తాడు.

అచ్చంపేట నుంచి:
చొప్పడు అంటే కలుగు, సమకూడు. ఈ నలుగురూ సమకూడిన ఊరు. చొప్పకూ దీనికీ సంబంధం లేదు.

మహబూబ్‌నగర్ నుంచి:
చొప్పు అంటే జాడ అని కూడా ఉంది సార్. అక్కడి నుంచి రాలేదని ఎట్లా అంటాం?

దేవరకొండ నుంచి:
అమ్మకు అన్నీ చదివి వినిపించాను. "న్" సంగతి ఒప్పుకుంది. మళ్లీ చదవమంటే మళ్లీ "ఎప్పుడు" దగ్గరే ఆగింది.

నాగర్‌కర్నూల్ నుంచి:
చొప్ప సంగతి అడిగినవా?