సూర్యుడు మనల్ని కాల్చేసేలోగా భూమిని వదిలి వెళ్లాలా?

వేగుచుక్క:
సూర్యుడికి ఇంకా 500 కోట్ల ఏళ్ల ఆయుష్షు ఉంది, ఇప్పట్నుంచే ఎందుకీ దిగులు అంటారు చాలామంది. ఆ లెక్క సూర్యుడిది, మనది కాదు. సూర్యగర్భంలో నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతోంది. నాలుగున్న చోట ఒకటే మిగిలితే పైబరువును మోసేవి తగ్గుతాయి. గర్భం కుంచించుకుపోతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా జోరుగా మండుతుంది. అంటే వయసు మీదపడేకొద్దీ సూర్యుడు చల్లారడు, రాజుకుంటాడు. పుట్టిన కొత్తలో ఇప్పటి వెలుగులో 70 శాతమే ఉండేది. ఇకముందు 100 కోట్ల ఏళ్లకు దాదాపు 10 శాతం పెరుగుతుంది. సముద్రాలు ఆవిరైపోవడానికి ఆ మాత్రం చాలు. అంటే మన గడువు అయిదో వంతే. వేరే నక్షత్రాన్ని వెతుక్కోక తప్పదు, ఆ పని ఇప్పుడే మొదలవ్వాలి.

మట్టివాసన:
వేగుచుక్క గారూ, గడువు విషయంలో మీతో పేచీ లేదు. నిజానికి చెట్లకు అంత టైమ్ కూడా లేదు. వేడి పెరిగేకొద్దీ రాళ్లు వాననీటితో చర్య జరిపి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వేగంగా లాగేసుకుంటాయి. సముద్రాలకంటే ముందే పచ్చదనం పోతుంది.

నేను ఒప్పుకోనిది ఆ "ఇప్పుడే" అన్న మాట. 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌక సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీకి ఆ వేగంతో వెళ్లాలంటే 70 వేల ఏళ్లు దాటుతుంది. రెండున్నర వేల తరాలకు పైగా ఓడలోనే పుట్టి, ఓడలోనే పోవాలి. అక్కడ పుట్టే పిల్లను ఎవరడిగారు, నీకిది ఇష్టమేనా అని? నాకు ఈ ఒక్క ప్రశ్న దాటి ముందుకు వెళ్లాలనిపించదు.

దూరపుకొండ:
మీ ఇద్దరి వాదనలోనూ కదిలేది మనిషే. భూమినే జరపొచ్చుగా? 2001లో కొరికాన్‌స్కీ, లాఫ్లిన్, ఆడమ్స్ అనే శాస్త్రవేత్తలు ఈ లెక్క వేశారు. వంద కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న ఓ శిలను ఆరేడు వేల ఏళ్లకోసారి భూమి పక్కనుంచి పోనిస్తే, అది గురుగ్రహం దగ్గర శక్తి తీసుకుని భూమికి ఇస్తుంది. భూమి కొద్దికొద్దిగా దూరం జరుగుతుంది.

వేగుచుక్క:
ఆ పేపర్ గురించి నాకూ తెలుసు. గురి ఒక్కసారి తప్పితే? డైనోసార్లను తుడిచిపెట్టిన శిల అడ్డుకొలత పది కిలోమీటర్లే. దీనిది అంతకు పదింతలు. పైగా చంద్రుడు మనతోపాటు వస్తాడన్న నమ్మకం లేదు. ఇంటిని కాపాడదామని ఇంటిమీదికే బండ విసిరినట్టుంది.

మట్టివాసన:
అందుకే గురి నేర్చుకోవడం దగ్గర మొదలుపెడదాం అంటాను. 2022 సెప్టెంబరులో నాసా డార్ట్ నౌక, ఓ పెద్ద శిల చుట్టూ తిరిగే డిమార్ఫోస్ అనే చిన్న శిలను ఢీకొట్టింది. పన్నెండు గంటలకు కాస్త తక్కువున్న దాని చుట్టుతిరుగుడు కాలం అరగంటకు పైగా తగ్గింది. మనిషి చేత్తో ఒక ఆకాశవస్తువు దారి మారడం అదే మొదలు. రేపు మనమీదికి వచ్చే శిలను తప్పించాలన్నా, ఎప్పటికో భూమిని జరపాలన్నా, పనికొచ్చేది ఈ విద్యే. డబ్బు ముందు దీనికి పెట్టాలి. ఇక్కడివరకు మీకూ నాకూ తేడా లేదనుకుంటాను.

ఓడలో పుట్టే పిల్ల సంగతి మాత్రం మీరింకా చెప్పలేదు.