తూగుతున్నాడా, కునుకుతున్నాడా? "తూగు" ఎక్కడి మాట?

ప్రశ్న:
మియాపూర్ మెట్రోలో పైన పట్టీ పట్టుకుని, నిలబడే సగం నిద్రలోకి జారుకున్న మనిషి. ఈ బొమ్మ కింద తెలుగులో ఒక్క మాట రాయాలి. "తూగుతున్నాడు" అంటే తాగాడనుకుంటారని ఒకరు, "కునుకుతున్నాడు" చాలని ఇంకొకరు. ఏది సరి? తూగుకి మూలం సంస్కృత "తుల" అంటున్నారు, నిజమేనా?

జవాబు:
తుల కాదండీ. పాత నిఘంటువుల్లో ఈ మాట తూఁగు, అరసున్నతో. ఇలా దీర్ఘం పక్కన అరసున్న ఉంటే, చాలా మాటల్లో అక్కడ ఒకప్పుడు నిండుసున్న పలికేది: వాఁడు అంటే పాత వాండు, మూఁడు అంటే పాత మూండు. అదే లెక్కన తూఁగుకి తూంగు. తమిళంలో నేటికీ అదే మాట: వేలాడు, ఊగు, నిద్రపో అని అర్థాలు. కన్నడ తూగు అంటే ఊగడం, బరువు తూగడం. తులలోని లకారం గకారమయ్యే దారి లేదు. "తులతూగు" అనే జంటమాట వల్ల ఈ పొరపాటు పుట్టి ఉంటుంది. అందులో తుల సంస్కృతం, తూగు మనది.

అసలు అర్థం నిద్ర కాదు, వేలాడి ఊగడం. తక్కెడ పళ్లెం ఊగుతుంది కనక తూకం, తూనిక, సరితూగు. నిద్రకి ఒళ్లు ఊగుతుంది కనక ఈ తూగు. తమిళులు ఏకంగా పూర్తి నిద్రకే వాడేశారు. వాళ్ల తూక్కం నిద్ర, మన తూకం బరువు! సికింద్రాబాద్‌లో తమిళ ఇరుగుపొరుగు ఉన్నవాళ్లకి ఈ తికమక తెలిసే ఉంటుంది.

ఇంకో జవాబు:
మూలం సరే, బొమ్మ సంగతి చూద్దాం. కునికేవాడికి కళ్లు మూతపడి తల వాలుతుంది, ఉలిక్కిపడి ఎత్తుతాడు. తూగేవాడికి ఒళ్లంతా అటూ ఇటూ పోతుంది. పట్టీ పట్టుకుని నిలబడ్డాడు కాబట్టి నా ఓటు తూగుకే. మత్తుకీ అదే మాట వాడతారు గనక "నిద్రకు తూగుతున్నాడు" అనండి, ఒక్క మాట రెండు మాటలైనా నష్టం లేదు. తూలడం వేరు, అది కాళ్లు తడబడటం.

"కునుకు తీశాడు" మాత్రం రాయకండి, అది కావాలని పోయే చిన్న నిద్ర. తనకి తెలియకుండా వచ్చేవి కునికిపాట్లు. ఆ "పాటు" పడు నుంచి వచ్చింది, ఉలికిపాటులో లాగే. మగత అసలే వద్దు, అది జ్వరానికో దగ్గుమందుకో వచ్చేది.

అడిగినవారు:
మరి "జోగుతున్నాడు"?

జవాబు:
కుర్చీలో కూర్చున్నవాడైతే బాగుంటుంది. జోగికీ దీనికీ చుట్టరికం కలపకండి, జోగి వచ్చింది యోగి నుంచి.