బక్‌షాట్‌లో ‘బక్’ అంటే ఏంటి?

దేవరకొండ చెల్లె:
అందరికీ నమస్తే. ఒక అమెరికా పల్లె కథను తెలుగులోకి మారుస్తున్నా. అందులో ముసలి రైతు తుపాకీలో ‘బక్‌షాట్’ నింపుకొని గడప మీద కూర్చుంటాడు. ‘తూటా’ అని రాశా గానీ మనసొప్పడం లేదు. బక్ అంటే డాలర్ కదా, ఆ మాట ఇక్కడికెట్ల వచ్చింది?

అచ్చంపేట తెలుగు సారు:
డాలర్‌తో పని లేదమ్మా. ఈ మాటలో బక్ అంటే మగ జింక. ఇంకా వెనక్కి పోతే, పాత ఇంగ్లిష్‌లో ‘బుక్కా’ అంటే మేకపోతు. షాట్ అనేది షూట్‌కు తోబుట్టువు. పేల్చడమూ షాటే, పేలిస్తే పోయే గుండూ షాటే. పిట్టలను కొట్టే సన్న గుండ్లు బర్డ్‌షాట్, జింకను పడగొట్టే పెద్ద గుండ్లు బక్‌షాట్. ఏ జీవాన్ని కొడతారో దాని పేరే గుండుకు పెట్టుకున్నారు.

మన ‘మందుగుండు’ అట్ల కాదు. మా తాతకు అడవి పందులను బెదరగొట్టడానికి బర్మారు తుపాకీ ఉండేది. గొట్టంలో ముందు మందు పోసి, గుడ్డ పీలిక కుక్కి, ఆ తర్వాత గుండ్లు వేసి, మళ్ళీ పీలిక పెట్టేవాడు. మందు వేరు, గుండు వేరు, రెండూ ఉంటేనే పేలేది. ఆ మాట చేతిపని నుంచి పుట్టింది. బర్మారు కూడా అంతే: ఉర్దూలో ‘భర్’ అంటే నింపు, ‘మార్’ అంటే కొట్టు.

మిర్యాలగూడ:
సాయుధ పోరాటం ముచ్చట్లలో మా నాయనమ్మ కూడా బర్మార్లనే అనేది. చెల్లె, ‘ఛర్రాలు’ అని రాయరాదూ?

అచ్చంపేట తెలుగు సారు:
ఛర్రా అంటే సన్న రవ్వలాంటిది గుర్తొస్తుంది, అది బర్డ్‌షాట్‌కు సరిపోతుంది. బక్‌షాట్‌లో ‘డబుల్ ఓ’ రకం గుండు ఒక్కోటి దాదాపు 8.4 మిల్లీమీటర్లు. ట్వెల్వ్ బోర్ అనే సైజు తుపాకీ తూటా ఒక్కదాంట్లో అవి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి, ఒక్క దెబ్బకు అన్నీ పోతాయి. అందుకే ఉత్త ‘తూటా’ అంటే సగమే చెప్పినట్టు. ఆ ముసలాయన పిట్టల కోసం కూర్చోలేదు కదా బిడ్డా, వచ్చే మనిషి కోసం కూర్చున్నాడు. ఆ సంగతి చదివేవాళ్ళకు అందాలి.

దేవరకొండ చెల్లె:
దండాలు సారూ. ఇట్ల మార్చిన: “ముసలాయన తుపాకీలో దుప్పిని పడగొట్టే గుండ్లు నింపుకొని గడప మీద కూర్చున్నాడు.”