బీటీ పత్తి సంచిలో ఆ చిన్న పాకెట్ ఎందుకు?

పరకాల పోరడు:
మాది నాలుగెకరాల బీటీ పత్తి, అదే పురుగును చంపే గుణం మొక్కలోనే ఉన్న రకం. మొన్న అటక సర్దుతుంటే 120 గ్రాముల పాకెట్లు పదకొండు దొరికాయి, మీద ‘నాన్ బీటీ’ అని ఉంది. బాపు ఏటా సంచిలోని 450 గ్రాముల బీటీ గింజలు పెట్టి వీటిని అటకెక్కించాడట. "అవి పురుగు పడేటియిరా" అంటాడు. ఇప్పుడు బీటీకే గులాబీ రంగు పురుగు పడుతోంది. కాయ పైకి నున్నగానే ఉంటుంది, చీలిస్తే లోపల పురుగు. దీనికీ ఆ పాకెట్‌కూ సంబంధం ఉందా?

రిటైర్డ్ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి):
ఉంది తమ్ముడూ. బీటీ తిని కూడా బతికే పురుగులు మొదట్లో ఎక్కడో ఒకటీ అరా. అలాంటివి రెండు జతకడితే పిల్లలూ బతుకుతాయి. చేను చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ పుట్టిన రెక్కల పురుగులు వాటితో జతకడతాయి, ఆ పిల్లలు బీటీ తిని చస్తాయి. అందుకే ఆ పాకెట్ గింజలను చుట్టూ ఐదు సాళ్లు గానీ, చేనులో 20 శాతం గానీ వేయమన్నారు. కాయ తొలిచే మరో పురుగు, పచ్చ పురుగుకు తినడానికి కంది, శనగ ఉన్నాయి. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు. మామూలు పత్తి వేయలేదు కాబట్టే, 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చినా గులాబీ పురుగు ముందు నిలవలేదు.

జమ్మికుంట అక్క:
లెక్క బాగుంది సార్. కౌలు కట్టిన భూమిలో పురుగుకు వాటా ఎవరిస్తారు? నేను వేసి పక్కాయన వేయకపోతే, రెక్కల పురుగుకు గెట్టు తెలుస్తుందా? సంచిలో కాగితం పెట్టారంటారు, ఆ అక్షరాలు చీమ తలకాయంత.

పరకాల పోరడు:
బాపుకు చదివి వినిపించాను. "97ల లద్దె పురుగు చేన్లకు చేన్లు తిన్నది, మనుషులు మందు తాగి సచ్చిన్రు. గది చూసినోణ్ణి, పురుగు పడే గింజ నా చేత్తోని ఎట్ల పెడ్తరా?" అన్నాడు. నాకు మాట రాలేదు.

రిటైర్డ్ ఏఈవో:
ఆయన భయం నాకు తెలుసు, ఆ ఏడు నేనూ చూశాను. పాకెట్ ఇచ్చాం గానీ, ఊళ్లో కూర్చోబెట్టి చెప్పింది తక్కువే. ఇప్పుడు మామూలు గింజలు బీటీ గింజల్లోనే కలిపి ఇస్తున్నారు. మీరైతే గుడ్డిపూలు (లోపల పురుగుండి విచ్చుకోని పూలు) కనబడగానే తెంపెయ్యండి, మగ రెక్కల పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టండి, డిసెంబర్ దాటి పంట ఉంచకండి.

పరకాల పోరడు:
మోళ్లు పీకి ఇంటి వెనక కుప్ప వేశాం, అమ్మ పొయ్యిలోకి. పర్వాలేదా అన్నా?

రిటైర్డ్ ఏఈవో:
వాటికున్న ఎండు కాయల్లోనే పురుగు నిద్రపోతుంది. వానలు పడేలోపే ఆ మోళ్లన్నీ పొయ్యిలో పెట్టేయమని అమ్మకు చెప్పు.