కష్టమైన బడుల్లో సీనియర్ టీచర్లకు నాయకత్వ శిక్షణ: పనికొచ్చేదా, మరో మొక్కుబడా?

సత్యవేడు లెక్కలు:
అందరికీ నమస్కారం. మొహమాటం పక్కన పెట్టి మాట్లాడుకోవలసిన విషయం ఇది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నాయకత్వ శిక్షణ అనగానే పిలుపు ప్రధానోపాధ్యాయులకే వెళ్తుంది. కానీ టైంటేబుల్ వేసేది ఎవరు? హెచ్‌ఎం సెలవు పెడితే ఆ కుర్చీలో కూర్చునేది ఎవరు? పోస్టు ఖాళీ అయితే నెలల తరబడి పూర్తి అదనపు బాధ్యతలు మోసేది ఎవరు? సీనియర్ స్కూల్ అసిస్టెంటే, అంటే హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే సీనియర్ టీచరే. ఆ పని ఎలా చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. చూసి నేర్చుకోవాలి, లేదా తిట్లు తిని నేర్చుకోవాలి.

ఇంగ్లండులో దీనికోసమే 2008లో టీచింగ్ లీడర్స్ అనే సంస్థ మొదలైంది. పేద పిల్లలు ఎక్కువగా చదివే, పరిస్థితులు కష్టంగా ఉండే బడుల్లోని సబ్జెక్టు విభాగాధిపతులను ఎంచుకుని వారికి శిక్షణ ఇచ్చేది. 2016లో అది ఫ్యూచర్ లీడర్స్ ట్రస్టుతో కలిసింది, 2019 నుంచి యాంబిషన్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో నడుస్తోంది. హెచ్‌ఎం ఎంత గట్టివాడైనా ప్రతి తరగతిలోనూ ఉండలేడు, మార్పు తరగతి గది దాకా చేరాలంటే మధ్యలో ఒక గట్టి మనిషి ఉండాలి అన్నది వారి ఆలోచన.

మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. బదిలీల నిబంధనల ప్రకారం హెచ్‌ఎం ఒక బడిలో గరిష్ఠంగా 5 విద్యా సంవత్సరాలు ఉంటారు, మిగతా టీచర్లు 8 ఉండవచ్చు. ముందు వెళ్లిపోయేవారికి నేర్పి, ఎక్కువకాలం ఉండేవారిని వదిలేస్తున్నాం. కాబట్టి కష్టమైన బడుల్లో సీనియర్ టీచర్లకు విడిగా శిక్షణ ఇవ్వాలని నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

పలమనేరు సాంఘికశాస్త్రం:
కాదంటున్నాను. మాస్టారూ, ఇంగ్లండు కథలో మీకు అనుకూలమైనంత వరకే చెప్పారు. అక్కడ విభాగాధిపతి అంటే ఒక హోదా. ఆ బాధ్యతకు 2006 నుంచి జీతంతో పాటు విడిగా భత్యం ఉంది. నా సహోద్యోగి పాఠం ఎలా చెబుతున్నాడో అడిగే హక్కు అక్కడ ఉద్యోగంలో భాగం. మన సీనియర్ స్కూల్ అసిస్టెంటుకు ఏముంది? సీనియారిటీ జాబితాలో పైన పేరు, అంతే. అధికారం లేనివాడికి నాయకత్వం నేర్పితే ఇంటికెళ్లి ఎవరి మీద చూపిస్తాడు?

రెండోది, ఫలితాలు. మధ్యప్రదేశ్‌లో బడుల నిర్వహణను మెరుగుపరచడానికి పెద్ద కార్యక్రమం నడిపారు. ప్రతి బడినీ అంచనా వేశారు, లోపాలు గుర్తించారు, అభివృద్ధి ప్రణాళికలు రాయించారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ దాన్ని పద్ధతిగా పరీక్షించి చూస్తే కాగితాలు శుభ్రంగా తయారయ్యాయి గానీ పిల్లల చదువులో తేడా రాలేదు. అయినా ఆ నమూనానే దేశంలో లక్షల బడులకు విస్తరించారు. ప్రణాళిక రాయడంలో మనల్ని మించినవారు లేరు. ఇప్పుడు ఇంకో ప్రణాళిక రాయించడానికి ఇంకో బృందానికి శిక్షణ కావాలా?

సంఘం మాట:
పలమనేరు సార్ చెప్పింది అక్షరాలా నిజం. ముందు జీవో రావాలి, పోస్టు రావాలి, భత్యం రావాలి. ఆ తర్వాతే శిక్షణ. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు చెప్పకూడదంటోంది. మరి రోజూ ఫోనులో ఎక్కించే ఫోటోలు ఏ సెక్షన్ కిందికి వస్తాయో చెప్పేవారు లేరు. వాటిమీద ఇంకో బాధ్యతా?

శ్రీకాళహస్తి విశ్రాంత హెచ్‌ఎం:
ఇద్దరూ పోస్టు గురించి, భత్యం గురించి మాట్లాడుతున్నారు. నేను పని గురించి మాట్లాడతాను.

నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలకు ఆనుకుని యానాది కాలనీ ఉండేది. పనుల కాలం వస్తే తల్లిదండ్రులతో పాటు పిల్లలూ వెళ్లిపోయేవారు, తిరిగి వచ్చేసరికి పాఠాలు ఎక్కడికో పోయేవి. అక్కడ లెక్కల స్కూల్ అసిస్టెంట్ ఒకావిడ ఉండేవారు. మధ్యాహ్న భోజనం అయ్యాక ప్రతి తరగతి నుంచీ కొన్ని నోటుపుస్తకాలు తెప్పించి స్టాఫ్ రూము బల్ల మీద పరిచేవారు. ఎవరి తరగతివో చెప్పేవారు కాదు. ‘పిల్లాడు ఇక్కడ ఏమనుకుని ఇలా చేసి ఉంటాడు?’ అని మాత్రం అడిగేవారు.

ఒకరోజు 403 లోంచి 168 తీసేసిన లెక్క వచ్చింది. జవాబు 365 అని ఉంది. ఒక పుస్తకంలో కాదు, చాలా పుస్తకాల్లో అదే. పక్కన ఎర్ర సిరాతో తప్పు గుర్తు, దాని కింద కొత్త పాఠం. ఆ పిల్లలు ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నారు, పైదా కిందదా అని చూడటం లేదు. 4లోంచి 1, 6లోంచి 0, 8లోంచి 3. వారి దృష్టిలో అది తప్పు కాదు, ఒక నియమం. మధ్యలో సున్నా ఉంటే అప్పు ఎక్కడినుంచి తేవాలో తెలియక ఎప్పుడో ఆ నియమం వాళ్లే తయారు చేసుకున్నారు. ఏడో తరగతి దాకా దాన్ని ఎవరూ పట్టుకోలేదు. అందరం తప్పు గుర్తు పెట్టి ముందుకు పోయాం.

ఆవిడ అక్కడితో ఆగలేదు. అదే ఆవరణలో ఉన్న ప్రాథమిక పాఠశాల మూడో తరగతి టీచరు దగ్గరికి వెళ్లి, పుల్లల కట్టలతో వందలు, పదులు, ఒకట్లు మళ్లీ మొదలుపెట్టారు. హెచ్‌ఎంగా నేను చేసిందల్లా ఆ సమయంలో వాళ్లకు వేరే పని చెప్పకపోవడం.

ఇది నాయకత్వం కాదంటారా? ఆవిడకు హోదా లేదు, భత్యం లేదు. శిక్షణ కూడా లేదు. అసలు బాధ అదే. ఆవిడ బదిలీ అయ్యాక ఆ బల్ల మీద నోటుపుస్తకాలు కనిపించలేదు. ఆ పని ఆవిడ స్వభావంగా ఉండిపోయింది, బడి పద్ధతిగా మారలేదు. అడిగే తీరు, పుస్తకాలు ఎంచుకునే తీరు, ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడే తీరు నేర్పదగినవే. నేర్పితే ఇంకో పది బడుల్లో జరిగేది. శిక్షణ కావాలంటున్నది అందుకే.

పలమనేరు సాంఘికశాస్త్రం:
పెద్దవారు, గౌరవంగానే అడుగుతున్నాను. ఆవిడకు శిక్షణ లేకుండానే వచ్చింది కదా. మీరు ఆ సమయం ఇచ్చారు కాబట్టి సాగింది. అంటే కావలసింది సమయమా, శిక్షణా?

శ్రీకాళహస్తి విశ్రాంత హెచ్‌ఎం:
రెండూ. సమయం ఒక్కటే ఇచ్చి చూశాను, వేరే బడిలో. స్టాఫ్ రూములో పీఆర్‌సీ (జీతాల సవరణ) గురించి మంచి చర్చలు జరిగాయి.

కుప్పం ఇంగ్లిష్:
నేను మొన్నటి మెగా డీఎస్సీలో వచ్చాను. 16,347 పోస్టులు ప్రకటించిన ఆ డీఎస్సీలో నాలాంటి కొత్తవారు ఎంతమంది బడుల్లో చేరారో ఆలోచించండి. మాకు రోజూ పక్కన నిలబడి చెప్పే మనిషి కావాలి, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఈ చర్చలో అందరూ సీనియర్, సీనియర్ అంటున్నారు. సర్వీసు ఎక్కువైనంత మాత్రాన చెప్పడం వచ్చేస్తుందా? చేరిన మొదటి వారంలో మా సీనియర్ గారు నాకు నేర్పింది రిజిస్టర్లు ఎన్ని, ఏది ఏ రంగు అట్టలో ఉండాలి అన్నది. పిల్లల గురించి ఒక్క మాట చెప్పలేదు.

మా తరగతిలో కొందరు ఇంట్లో తమిళం మాట్లాడతారు, కొందరు కన్నడం. తెలుగు బడిలో నేర్చుకుంటారు, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకంలో ఎదురవుతుంది. ఏ పిల్లకు ఏది అర్థం కాలేదో, ఏ భాషలో అర్థం కాలేదో తేల్చుకోవడమే మా మొదటి పని. ఇలాంటిచోట నాకు దారి చూపగలిగింది మా ప్రాథమిక పాఠశాల ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) అక్క. ఆమెకు మూడు భాషలూ వచ్చు. కానీ సీనియారిటీ జాబితా ప్రకారం శిక్షణకు ఆమెను ఎవరూ పిలవరు.

ఇంకొకటి. శిక్షణ పొందిన సీనియర్ నా తరగతిలోకి వచ్చి వెనక బెంచీలో కూర్చుని, వెళ్లేటప్పుడు నివేదిక రాసుకెళ్తే అది నాకు సాయం కాదు, తనిఖీ. శ్రీకాళహస్తి సార్ చెప్పిన ఆవిడ ఎవరి పుస్తకమో చెప్పలేదు. ఆ ఒక్క జాగ్రత్త లేకపోతే కొత్త టీచర్లు ముందే మంచి నోటుపుస్తకాలు ఏరి పంపిస్తారు. నేనైనా అదే చేస్తాను.

సత్యవేడు లెక్కలు:
అమ్మా, సీనియారిటీ సంగతి మీరు చెప్పింది ఒప్పుకోవలసిందే. సర్వీసు లెక్క చూసి కాకుండా బడిలో టీచర్లే ఒకరిని ఎంచుకుంటే?

సంఘం మాట:
ఎంచుకుంటే గొడవలు. సీనియారిటీ అయితే కనీసం ఎవరూ ప్రశ్నించలేరు.

కుప్పం ఇంగ్లిష్:
ఎవరూ ప్రశ్నించలేకపోవడమే దాని గొప్పతనమా సార్?

తిరుపతి ఆటో నాన్న:
మీ మధ్య దూరినందుకు ఏమీ అనుకోవద్దు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, నగరంలోనే. పేరెంట్స్ మీటింగుకు వెళ్లి ‘లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయి’ అంటే లెక్కల సారు కొత్తవారు, పోయినేడు వేరే సారు అన్నారు. హెచ్‌ఎం గారిని అడిగితే ఆయన వచ్చి నెల కూడా కాలేదన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. శిక్షణ ఇస్తారో భత్యం ఇస్తారో నాకు తెలియదు. పోయినేడు ఏం జరిగిందో తెలిసిన మనిషి బడికి ఒకరు కావాలి.

కార్వేటినగరం పాత విద్యార్థి:
ఆటో అన్న గారి పోస్టు చదివాక మన పోస్టులు మళ్లీ చదువుకుంటే బాగుంటుంది.

టీచర్లను తయారుచేసే జిల్లా శిక్షణ సంస్థ డైట్‌లో చదివినవాడిగా శిక్షణ ఎలా ఉండాలన్న దాని మీద రెండు మాటలు. 2019లో కేంద్రం నిష్ఠా అనే టీచర్ల శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు సుమారు 42 లక్షల మందికి శిక్షణ ఇవ్వాలనుకుంది. 2020 జూలైలో దాని ఆన్‌లైన్ రూపం మొదలైంది మన రాష్ట్ర రిసోర్స్ పర్సన్లతోనే. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలంటోంది. గంటలకు కొదవ లేదు. ఆ గంటలు ఎక్కడ గడుస్తాయన్నదే తేడా.

పైన రాష్ట్రస్థాయిలో విన్నది జిల్లాలో చెప్పి, జిల్లాలో విన్నది మండలంలో చెప్పేసరికి సగం ఆవిరైపోతుంది. మండలంలో మిగిలేది పీపీటీ, హాజరు సంతకం. అదే గంటలను బడిలోనే పెట్టండి. శిక్షకుడు బడికి రావాలి, మనం హాలుకు పోవడం కాదు. మొదటిసారి వచ్చినప్పుడు నోటుపుస్తకాల బల్ల అతనే నడపాలి, సీనియర్ టీచర్ చూడాలి. రెండోసారి టీచర్ నడపాలి, అతను చూడాలి. ఫార్మేటివ్ పరీక్ష అయ్యాక మూడోసారి వచ్చి, 403 లెక్క ఇంకా తప్పుతున్న పిల్లలు ఎవరో కూర్చుని చూడాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఆ బడులవారు తమ పుస్తకాలు ఇతరులకు చూపించాలి. సర్టిఫికెట్ ఉండకూడదు. సర్టిఫికెట్ పెట్టారంటే దానికోసం వచ్చేవారే వస్తారు.

పలమనేరు సాంఘికశాస్త్రం:
ఇలాగైతే నా అభ్యంతరం సగం తగ్గింది. మధ్యప్రదేశ్‌లో లోపం కూడా బహుశా ఇదే. ప్రణాళిక దగ్గరే ఆగిపోయారు, తరగతి దాకా వెళ్లి నిలబడినవారు లేరు. కానీ రాష్ట్రంలో అన్ని మండలాల్లో ఇలా బడిబడికీ వచ్చి కూర్చునే శిక్షకులు ఎక్కడినుంచి వస్తారు? సీఆర్‌పీల (క్లస్టర్ రిసోర్స్ పర్సన్ల) చేతికి ఇస్తారా? వారు ఇప్పటికే సమాచారం సేకరించే పనిలో తలమునకలై ఉన్నారు.

కార్వేటినగరం పాత విద్యార్థి:
అన్ని మండలాల్లో వద్దు. కష్టమైన బడులతో మొదలుపెట్టాలి. సత్యవేడు మాస్టారు అన్నదీ అదే కదా. శ్రీకాళహస్తి సార్ లాంటి విశ్రాంత హెచ్‌ఎంలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వారిలో పిలిస్తే వచ్చేవారు కొందరైనా ఉంటారు.

శ్రీకాళహస్తి విశ్రాంత హెచ్‌ఎం:
నేను వస్తాను. బస్సు ఛార్జీలు కూడా అడగను. ఒకటే షరతు, నేను వచ్చిన రోజు ఆ సీనియర్ టీచరును ఎంఈఓ ఆఫీసుకు రమ్మని ఎవరూ ఫోను చేయకూడదు.

సత్యవేడు లెక్కలు:
అయితే ఒక ప్రతిపాదన రాస్తున్నాను, దిద్దండి. జూన్ 12న బడులు తెరిచాక వేసే టైంటేబుల్లోనే, ముందుకొచ్చిన బడుల్లో లెక్కలు, భాషలు చెప్పే టీచర్లకు వారంలో రెండు పీరియడ్లు ఒకేసారి లీజర్‌గా, అంటే ఖాళీగా పడేలా చూడాలి. నోటుపుస్తకాల బల్ల ఆ సమయంలో. నడిపేవారిని ఆ టీచర్లే ఎంచుకోవాలి, సర్వీసు లెక్క వద్దు. ఏ తరగతి పుస్తకమో బయటికి రాకూడదు, నివేదికలు ఉండకూడదు. నెలకోసారి విశ్రాంత హెచ్‌ఎం వచ్చి కూర్చుంటారు.

సంఘం మాట:
భత్యం మాట ఎక్కడా లేదు. ఉచితంగా చేస్తామని మనమే రాసిస్తే రేపు అది అందరి మెడకూ చుట్టుకుంటుంది. నా అసమ్మతి నమోదు చేయండి.

కుప్పం ఇంగ్లిష్:
మీ అసమ్మతి న్యాయమైనదే సార్. నేను మాత్రం మా బడి పేరు ఇస్తున్నాను. మా ఎస్జీటీ అక్కనూ కలుపుకుంటాం, ఆమెది ప్రాథమిక పాఠశాల అయినా సరే.

పలమనేరు సాంఘికశాస్త్రం:
మాస్టారూ, ప్రతిపాదనలో ఒక రంధ్రం ఉంది. ఉదయం ప్రార్థన ముగిసేలోపు ఎవరో ఒకరు సెలవని ఫోను చేస్తారు. ఆ రెండు లీజర్లలో మొదటిది అక్కడే సర్దుబాటుకు పోతుంది, రెండోది యాప్‌లో ఫోటోలకు పోతుంది. సర్దుబాటు పుస్తకంలో ఆ టీచర్ల పేర్లు రాయకూడదని హెచ్‌ఎం ముందే సంతకం పెట్టి స్టాఫ్ రూములో అతికించాలి. అది చేరిస్తే నేనూ మా బడి పేరు ఇస్తాను. లేకపోతే నా మొదటి పోస్టు మళ్లీ చదువుకోండి.