ఫ్లారెన్స్ నుంచి కియాంతి వైన్ టూర్: పెద్ద బస్సా, చిన్న వ్యానా?

ద్రాక్షారామం
సెప్టెంబర్ చివర్లో ఇటలీ వెళ్తున్నామండీ, నేను, మా ఆవిడ, అమ్మా నాన్నా. ఫ్లారెన్స్‌లో మూడు రాత్రులుంటాం, అందులో ఒకరోజు కియాంతి (దగ్గర్లోని వైన్ కొండల ప్రాంతం) వైపు గైడ్‌తో వెళ్లాలని ఉంది. రెండు టూర్లు చూశా. ఒకటి పెద్ద బస్సు: సియెనా, శాన్ జిమిన్యానో, పీసా, మధ్యలో వైనరీలో (వైన్ తయారుచేసే చోటు) భోజనం, మొత్తం పన్నెండు గంటలు. రెండోది ఎనిమిది మంది వ్యాను: రెండు వైనరీలు, గ్రేవే ఊరు, అంతే. ధర మాత్రం దాదాపు రెట్టింపు! నాన్న మందు ముట్టరు, అమ్మ గుడ్డు కూడా తినదు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

కాకినాడ_కాజా
పోయినేడాది మేం ఆ పన్నెండు గంటల రకమే చేశాం. ఆ రోజు నేను ఎక్కువసేపు చూసింది నా ముందు సీటు కవరు. శాన్ జిమిన్యానోలో ఒకప్పుడు 72 బురుజులుండేవి, ఇప్పుడు 14 మిగిలాయని గైడ్ చెప్పింది, మేం తొమ్మిది లెక్కపెట్టేసరికి టైమైపోయిందని జెండా ఊపేసింది. వైనరీలో యాభై మందిని పొడుగు బల్లల మీద కూర్చోబెట్టి, పెళ్లి బంతిలో సాంబారు వడ్డించినట్టు నాలుగు వైన్లు వరసగా పోసుకుంటూ పోయారు. రెండోది తాగుతుండగానే ఆర్డర్ ఫారం చేతిలో పెట్టారు. పీసాకి చేరేసరికి సగం మంది నిద్ర.

మ్యూనిక్_తెలుగోడు
కాజా గారూ, మరీ అంత తీసిపారేయకండి. మా అత్తమామలు వచ్చినప్పుడు మేమూ అలాంటి బస్సులోనే వెళ్లాం, వాళ్లకి సియెనా చౌకు చూడ్డమే పెద్ద ఆనందం, వైన్ సంగతి వాళ్లకి అక్కర్లేదు. ఏం చూడాలని వెళ్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, సొంతంగా కారు తీసుకోవద్దు. ఒకసారి ఆ తెలివి చూపించా. ఫ్లారెన్స్ పాతబస్తీలో బయటి బళ్లు రాకూడని వీధులుంటాయి, జెడ్‌టీఎల్ అంటారు, గేటుండదు, పోలీసుండడు, పైన కెమెరా ఉంటుంది. జరిమానా కాగితం కొన్ని నెలలకి ఇంటికొచ్చింది, అదీ రెండుసార్లు దాటినందుకు రెండు. పైగా ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు దాటకూడదు, అంటే రుచి చూడ్డానికి వెళ్లి డ్రైవరు మాత్రం వాసన చూసి ఊరుకోవాలి.

వంకాయ_బజ్జీ
మేం చిన్న వ్యానులో వెళ్లాం, సరిగ్గా కోతల టైములో. చియాంటి అనకండి, కియాంతి అనాలి, మా గైడ్ మొదట నేర్పింది అదే. చియాంటిజానా అని నేనన్నప్పుడు నవ్వి, కియాంతిజానా అని దిద్దింది. అది ఫ్లారెన్స్ నుంచి సియెనా వైపు కొండల మీదుగా పోయే 222 నంబరు రోడ్డు. మలుపు మలుపుకీ ఒకపక్క ద్రాక్ష, ఒకపక్క ఆలివ్.

సీసా మెడ మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటే అది కియాంతి క్లాసికో అనే వైన్. ఉత్త కియాంతి వేరు, దాని ప్రాంతం చాలా పెద్దది. క్లాసికోలో కనీసం 80 శాతం సాంజొవేసే ద్రాక్ష ఉండాలి. 1716లోనే అక్కడి పాలకుడు, గ్రాండ్ డ్యూక్ మూడో కోసిమో ఆ వైన్ ఎక్కడిదై ఉండాలో హద్దులు గీశాడు. పుంజు కథేమో ఇంకా సరదాగా ఉంటుంది. ఫ్లారెన్స్, సియెనా సరిహద్దు తగాదా తీర్చుకోడానికి ఒప్పందం చేసుకున్నాయట, కోడి కూయగానే రెండు ఊళ్ల నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలి, కలిసినచోట హద్దు. సియెనా వాళ్లు తమ తెల్లపుంజుని మేపారు. ఫ్లారెన్స్ వాళ్లు నల్లపుంజుని పస్తు పెట్టారు, అది ఆకలికి తెల్లారకముందే కూసింది, వాళ్ల రౌతు దాదాపు సియెనా దాకా వెళ్లిపోయాడు. కట్టుకథే అనుకోండి, కానీ కోడిపందేల జిల్లావాణ్ణి, నాకు తెగ నచ్చింది.

రెండో వైనరీ చిన్నది, ఆ ఇంటావిడే పోసింది. పులుస్తున్న తొట్టి మూత తీసి చూపిస్తే గుప్పున వచ్చిన వాసన మా ఊరి కల్లు పాకని గుర్తుచేసింది. అటక మీద విన్ సాంతో అనే తీపి వైన్ చిన్న చిన్న పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు, ద్రాక్షని ముందు ఎండబెట్టాకే పిండుతారట. ఇంకోటి, పోసిందంతా మింగక్కర్లేదు. ఉమ్మడానికి పాత్ర పెడతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

పప్పన్నం_నెయ్యి
అమ్మగారి సంగతి నేను చెప్తా, మా అత్తగారూ అంతే. బుక్ చేసేటప్పుడే గుడ్డు కూడా వద్దని విడిగా రాయండి, వెజిటేరియన్ అని ఊరుకుంటే తాజా పాస్తాలో గుడ్డు వచ్చేస్తుంది. పీచీ అనే లావు పాస్తా మామూలుగా పిండీ నీళ్లతోనే చేస్తారు, అది అడగండి. చివర్లో విన్ సాంతోలో ముంచుకు తినే కాంతుచ్చి బిస్కెట్లలోనూ గుడ్డే. పెకొరీనో అనే గొర్రెపాల చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి సాధారణంగా దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు, పట్టింపు ఉంటే మానేయండి. పప్పా అల్ పొమొదోరో అని టమాటా, పాత రొట్టె కలిపి ఉడికించింది ఉంటుంది, మా అత్తగారు రెండోసారి వేయించుకున్నారు. అక్కడి రొట్టెలో ఉప్పే ఉండదు! మేం సంచిలోంచి గోంగూర పచ్చడి తీశాక గైడ్ కూడా చెయ్యి చాపాడు.

ద్రాక్షారామం
అందరికీ థాంక్సండీ. వ్యానుకే మొగ్గుతున్నా, సియెనాకి ఇంకోరోజు బస్సులో వెళ్లొస్తాం. రెండు ప్రశ్నలు: నాన్న ఏం చేస్తారు? అమ్మకి ఘాట్ రోడ్డంటే వాంతులు, ఆ మలుపులు తట్టుకోగలదా?

వంకాయ_బజ్జీ
మా బ్యాచ్‌లో ఒకాయన తాగడు, ఆయనకి ఆలివ్ నూనె రుచి చూపించారు, గొంతులో మిరియంలా మండుతుంది, బాగుంటుంది. ముందే మెయిల్ పెడితే కొందరు డబ్బులూ తగ్గిస్తారు, అడిగి చూడండి. అమ్మగారికి డ్రైవరు పక్క సీటు ఇప్పుడే రాయించుకోండి, ఆ సీటుకి పోటీ ఎక్కువ.

మ్యూనిక్_తెలుగోడు
సీసాలు కొంటే ఒకటి గుర్తుంచుకోండి, ఇండియాకి మనిషికి రెండు లీటర్ల దాకానే డ్యూటీ ఉండదు. నాన్నగారి వాటా సీసాలు ఆయన సూట్‌కేసులోనే పెట్టండి, ఆయన ఒప్పుకుంటే.

ద్రాక్షారామం
ఆయన సూట్‌కేసులో వైన్ పెడితే నన్ను ఫ్లారెన్స్‌లోనే వదిలేసి వస్తారన్నా.